పప్పుగుత్తి వైద్యం

మతిమరుపు జబ్బు ముదిరి, ధర్మవరంలో పట్టుచీరలు నేసిన మా నాయన నన్ను కూడా గుర్తుపట్టడం మానేశాడు. పోయిన వేసవిలో ఆయన్ను చూడడానికి మడకశిర నుంచి వచ్చిన మా మేనమామ, వంటింట్లోని పప్పుగుత్తి తీసుకుని ఆయన వెనక నిలబడ్డాడు.

“ఏం చేస్తాండావు మామా?”

“సినిమాల్లో సూడలేదా? తలకు దెబ్బ తగిలితే అన్నీ గుర్తొస్తాయి. మా బావకు నేను చెడు చేస్తానా?”

నేను ఆపేలోపే కొట్టాడు. తల చిట్లింది. నాయన తడిమి చూసుకుని, నెత్తురంటిన వేళ్లు మామకే చూపించాడు.

“ఎవురికో దెబ్బ తగిలిండాది, సూడప్పా.”

మామ ఏడ్చాడు. నాకు మాత్రం అసహ్యం వేసింది, ఆ సినిమా అబద్ధాన్ని అమ్ముకునేవాళ్ల మీద. మూఢనమ్మకాలపై సభల్లో గొంతు చించుకునే నేనూ, సినిమా హాల్లో అలాంటి దెబ్బలకు చప్పట్లు కొట్టినవాణ్ణే.