మేవిస్ కోసిన రబ్బర్లు

క్లెమ్ బిసెల్ ఏదైనా బిగించాడంటే దాన్ని విప్పడానికి మళ్లీ క్లెమ్ బిసెలే రావాలి. ఊరగాయ ఉల్లిపాయల సీసా మూత దగ్గర్నుంచి పెరటి కుళాయి దాకా అదే వరస. డార్లస్టన్‌లో పుట్టిన మగవాళ్లలో సగంమంది అంతే. నట్లూ బోల్టులూ చేసి బతికిన ఊరు మాది. వదులుగా ఉన్న వస్తువు కనిపిస్తే మావాళ్లకు పరువు పోయినట్టుంటుంది. క్లెమ్ బడి మానేసిన ఏడే బోల్టుల ఫ్యాక్టరీలో చేరాడు. దాని గేటుకు ఆఖరి తాళం పడేదాకా అందులోనే ఉన్నాడు.

మా పాత మోటారుసైకిళ్ల క్లబ్బులో ఆయన బండిని ఎరగనివాళ్లు లేరు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు తయారైనది, ఒకటే పెద్ద సిలిండరు. స్టార్టు చేస్తే వీధి చివర కిటికీ అద్దాలు పలుకుతాయి. ఆ కాలపు బళ్లలో ఆయిలు ఇంజిన్ అడుగున ఉండదు. సీటు కింద కుడిపక్కన విడిగా ఒక ట్యాంకులో ఉంటుంది. ఇంజిన్ అంత గట్టిగా అదురుతుంది కదా, ఆ ట్యాంకును చట్రానికి ఇనుము మీద ఇనుముగా బిగించేస్తే కొన్నాళ్లకే దాని పట్టీలు పగుళ్లిచ్చి ఆయిలు కారుతుంది. మధ్యలో రబ్బరు ఉండాలి. ఆ రబ్బరు నలిగిపోకుండా దాని నడుమ చిన్న ఇనుప గొట్టం ముక్క ఉండాలి. బోల్టు ఆ గొట్టంలోంచి పోతుంది. నట్టు గొట్టానికి ఆనుకుంటే చాలు, రబ్బరు దాని పని అది చేసుకుంటుంది. ఈ సంగతి మిగతా ఇంగ్లండుకు తెలుసేమో గానీ మా ఊరి చేతులకు ఒక పట్టాన ఎక్కదు. ఇంకో అరచుట్టు తిప్పితే ఏం పోయిందని వాటికి ఎప్పుడూ దురద.

మేవిస్ ఆయనకు దొరికింది కూడా ఆ అరచుట్టు పుణ్యమే. ఆమె పక్క ఊళ్లో రబ్బరు సామాన్ల ఫ్యాక్టరీలో పనిచేసేది. ఒక సాయంత్రం షిఫ్టు దిగి బస్సు కోసం నిలబడి ఉంటే క్లెమ్ బండి ఆమె ముందే ఆగిపోయింది. వచ్చిన దారంతా ఆయిలు చుక్కలు.

"ఏమయ్యా, ఇంటికి దారి మర్చిపోతావని గుర్తులు పెట్టుకుంటూ వస్తున్నావా?" అందట.

"బాగానే బిగించాను," అన్నాడు క్లెమ్.

"కనిపిస్తూనే ఉంది. అదే నీ రోగం."

మర్నాడు ఏప్రన్ జేబులో రబ్బరు ముక్కలు తెచ్చి, చాకు సబ్బునీళ్లలో ముంచి అక్కడే గోడమీద పెట్టి కోసిచ్చింది. ఆ తర్వాత పెళ్లయింది. పిల్లలు లేరు. ట్యాంకు రబ్బర్లు మెత్తబడ్డప్పుడల్లా కోసేది ఆమె, బిగించేది ఆయన, ఆపమని అరిచేది మళ్లీ ఆమె. అంతా అయ్యాక అరచెయ్యి ట్యాంకు మీద ఆనించి నెట్టి చూసేది. గిన్నెలో జెల్లీ కదిలినంత కదిలి తిరిగి సర్దుకోవాలి. కదలకపోతే, "ఒరేయ్ మొద్దూ, విప్పు!" అనేది. క్లబ్బు మొత్తం ఎదురుగా ఉన్నా సరే అలాగే అనేది. క్లెమ్ నవ్వుకుంటూ విప్పేవాడు.

మతిమరుపు ఆమెను మెల్లగానే పట్టుకుంది. మొదట్లో టీలో ఉప్పు పడితే ఇద్దరూ నవ్వుకున్నారు. కొన్నాళ్లకు కెటిల్ బట్టల అలమరలో దొరికింది. ఒక పొద్దున క్లెమ్ పెరట్లోంచి లోపలికి వస్తుంటే ఆమె తలుపుకు అడ్డంగా నిలబడింది. "ఎవరండీ మీరు? మా ఆయన పనికెళ్లాడు. ఆయనొచ్చాక రండి," అంది. క్లెమ్ వానలో మెట్లమీద చాలాసేపు కూర్చున్నాడు. ఇక ఇంట్లో ఉంచుకోవడం కుదరక వాల్సాల్ రోడ్డులోని కేర్ హోమ్‌లో చేర్పించాడు. రోజూ మధ్యాహ్నం బస్సెక్కి వెళ్లేవాడు. ఆమె మర్యాదగా పలకరించేది. పోస్టుమాన్‌ని పలకరించినట్టు.

బండి షెడ్డులోనే పడి ఉంది. ఆమె వెళ్లాక ఒకసారి తనే రబ్బర్లు వేసి, తనకు తోచినంత బిగించి, కాలువ వంతెన దాకా పోయేసరికి పట్టీ పగిలిందట. దాన్ని అతికించి తెచ్చాడు గానీ ట్యాంకును మళ్లీ బండికి పెట్టలేదు. ఒకరోజు టీ తాగుతూ నాతో అన్నాడు.

"ఆ చప్పుడు వింటే గుర్తుపడుతుంది. నన్ను కాకపోతే నా బండినైనా. బండి గుర్తొస్తే నేనెక్కడికి పోతాను చెప్పు? ఒక్కసారి మొద్దూ అంటే చాలు నాకు."

"మరి బిగించేద్దాం పద," అన్నాను.

"నువ్వూ నేనూ బిగిస్తే వీధి మలుపు దాటదు. రబ్బర్లు ఆమే కొయ్యాలి."

ట్యాంకును కడిగి, తుడిచి, దిండు గలీబులో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. అక్కడ మేవిస్‌ను చూసుకునే యూనిస్ ట్యాంకును లోపలికి రానిచ్చింది గానీ చాకును చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"క్లెమ్ తాతా, నా ఉద్యోగం ఊడగొట్టాలని ఉందా నీకు?"

"నువ్వు పక్కనే కూర్చో తల్లీ. ఆమె చేతిలో చాకు నా చేతిలో కన్నా భద్రం."

యూనిస్ తలుపు దగ్గరకు వేసి వచ్చి కూర్చుంది. మేవిస్ రబ్బరు ముక్కను వేళ్లతో వంచి చూసి, వాసన చూసి, చాకు సబ్బునీళ్లలో ముంచింది. కొయ్యడం మొదలుపెట్టాక ఆ చేతులు ఒక్కసారి కూడా తడబడలేదు.

"ఎవరిదండీ ఈ ట్యాంకు?"

"నాదేనండి," అన్నాడు క్లెమ్.

"పట్టీ అతికించారే. ఎవరు బిగించారు?"

"నేనే."

"అవి చేతులా, బండరాళ్లా?" మేవిస్ చాకు ఆపి పగలబడి నవ్వింది. "ఏమీ అనుకోకండి. మా ఆయనా ఇంతే. ఆపమంటే ఆపడు."

"ఎలా ఉంటాడు మీ ఆయన?"

"పొడుగు. నల్లటి జుట్టు. చెవులు కాస్త పెద్దవి, ఆ మాట మాత్రం ఆయన ముందు అనకండి." మళ్లీ కొయ్యడంలో పడింది. "మంచివాడు."

క్లెమ్ చెవులు మా క్లబ్బులో సామెతలాంటివి. ఆయన తల కొంచెం పక్కకు తిప్పి, ఆమెకు కనిపించేలా కూర్చున్నాడు. ఆమె తల ఎత్తలేదు.

"గొట్టం ముక్కలు ఏవండీ?" అంది. క్లెమ్ జేబులోంచి తీసిచ్చాడు. వాటిని రబ్బరు పక్కన నిలబెట్టి కంటికి దగ్గరగా పెట్టుకుంది. "గొట్టం రబ్బరు కన్నా వెంట్రుకవాసి పొట్టిగా ఉండాలి. బాగుంది. నట్టు దీనికి ఆనగానే పానా కింద పెట్టెయ్యండి. ఆ తర్వాత పానాతో పని లేదు."

ఆ శనివారం షెడ్డులో ట్యాంకు ఎక్కించాం. ట్యాంకు అడుగునున్న మేకు రబ్బరులో దిగింది, పై బోల్టులు రెండూ దూరాయి. నట్టు గొట్టానికి ఆనిన సంగతి క్లెమ్ మణికట్టుకు తెలిసింది. ఆగాడు. వేళ్లు మాత్రం పానాను వదల్లేదు.

"ఇది తీసుకుని దూరంగా పో," అన్నాడు నాతో. "లేకపోతే తిప్పేస్తాను."

తీసుకుని పెరట్లోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆయన అరచెయ్యి ట్యాంకు మీద ఉంది. నెట్టి చూస్తున్నాడు, మళ్లీ మళ్లీ.

గడ్డం గీసుకుని, టై కట్టుకుని బయల్దేరాడు. నేను నా బండి మీద వెనకాలే వెళ్లాను. దారంతా ఒక్క చుక్క ఆయిలు పడలేదు. కేర్ హోమ్ గుమ్మం ముందు బండి ఆగేసరికి మేవిస్ అప్పటికే మెట్లమీద నిలబడి ఉంది. చప్పుడు మలుపు దగ్గర ఉండగానే కుర్చీలోంచి లేచిందట, జుట్టు సర్దుకుందట. యూనిస్ కళ్లు తుడుచుకుంటూ, "వచ్చాడు, వచ్చాడు అంటూ పరిగెత్తింది తాతా," అని చెప్పింది.

క్లెమ్ హెల్మెట్ తీశాడు. అంత వెలుగు మేవిస్ ముఖంలో నేను చూసి చాలా ఏళ్లయింది. ఆమె రెండు మెట్లు దిగి ఆయన ముఖంలోకి చూసింది. ఆ వెలుగు ఆరిపోలేదు. ఆయన్ని దాటి రోడ్డు మీదికి పోయింది.

తర్వాత వంగి ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి నెట్టింది. అది కదిలి సర్దుకుంది.

"చక్కగా ఉందండీ. ఎవరు కోశారు ఈ రబ్బర్లు?"

"మా ఆవిడ," అన్నాడు క్లెమ్.

"పనిమంతురాలు." మళ్లీ రోడ్డు వైపు చూసింది. "మీ బండి కాస్త పక్కకు తీస్తారా? మా ఆయన వస్తున్నాడు, చప్పుడు విన్నాను. ఎప్పుడూ ఇక్కడే ఆపుతాడు."

"మేవిస్ అమ్మా, ఈయనే..." అంటూ యూనిస్ ముందుకొచ్చింది. క్లెమ్ వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు.

"తీస్తానండి," అన్నాడు.

ఇంజిన్ స్టార్టు చెయ్యలేదు. అంత బరువైన బండిని ఒక్కడే తోసుకుంటూ గోడ చివర చెత్తడబ్బాల దాకా తీసుకెళ్లాడు. నేను చెయ్యి వెయ్యబోతే వెయ్యనివ్వలేదు. తిరిగొచ్చి, ఆమెకు కొంచెం ఎడంగా మెట్టు కింద నిలబడ్డాడు. ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ ఉన్నారు. చలి ఎక్కువై యూనిస్ లోపలికి తీసుకెళ్తుంటే మేవిస్ వెనక్కి తిరిగి, "ఆలస్యం చేస్తాడు గానీ రాకుండా ఉండడు," అని క్లెమ్‌కు ధైర్యం చెప్పింది.

ఆమె ఉన్నన్నాళ్లూ ప్రతి శనివారం ఆయన ఆ బండి మీదే వెళ్లాడు. మలుపు దగ్గర ఇంజిన్ ఒకసారి గట్టిగా మోగించేవాడు, ఆమె లేచి గుమ్మంలోకి రావడానికి. బండి మాత్రం చెత్తడబ్బాల పక్కనే ఆపేవాడు. గుమ్మం ముందు జాగా ఖాళీగా వదిలేవాడు.