జేబులో మిగిలిన మాత్రలు

మా అమ్మకు అన్నానికి ముందు షుగరు మాత్ర ఇద్దామని జేబులో చెయ్యి పెడితే జ్వరం మాత్రలు వచ్చాయి. అవి పొద్దున హిందూపురంలోని నా మందుల షాపులో, ఎప్పుడూ పరిగి నుంచి వచ్చే అవ్వ కోసం కత్తిరించినవి. అంటే వాటితోపాటే కత్తిరించిన అమ్మ మాత్రలు ఆమెకిచ్చి పంపాను! జ్వరంతో నీరసపడ్డ మనిషి అవి వేసుకుంటే షుగరు పడిపోయి స్పృహ తప్పిపోతుంది. ఆ ఇంటికి ఫోను లేదు. నేను కలుపుకున్న ముద్ద కంచంలోనే వదిలి స్కూటరెక్కాను. దారి పొడుగునా ఆమె గుమ్మం ముందు జనం మూగినట్టే కనిపించింది. పదిహేనేళ్ల అనుభవం, తగలెయ్య!

అవ్వ పొయ్యి ముందు రాగిముద్ద కెలుకుతోంది. మాత్ర వేసుకున్నావా అని అరిచాను.

“తిన్నాంక ఏసుకోమంటివి కదప్పా. ఇంగా ముద్దే కాలేదు.”

మాత్రలు మార్చి ఇచ్చాను.

“ఏమప్పా, అట్ల వణుకుతాండావు? ఏమీ తిన్లేదా?” అంటూ నా ముందు కంచం పెట్టింది.