పేనుబంక, సుడిదోమ

దేవరకొండ నుంచి తిరిగొస్తున్న బస్సులో నా పక్కన కూర్చున్నామె ఒడిలో కవరు, అందులో వరి మొక్క. నా చేతిలో పత్తి ఆకు. ఇద్దరమూ పురుగుమందుల దుకాణంలో చూపించి వస్తున్నవాళ్లమే.

“నీదేం పురుగక్కా?” అంది.

“పేనుబంక. ఆకు కింద కూసొని రసం పీలుస్తది. నీది?”

“సుడిదోమ. మడిల నీళ్లకాడ, మొదట్ల పట్టి పీలుస్తది.”

నా ఆకును తిప్పి చూసి నవ్వింది. “బంక తీపికి చీమలొచ్చినయి. నీ పురుగుకు చీమలన్న తోడున్నయక్కా. నా దానికాడికి నీళ్లల్లకు ఎవరొస్తరు?”

“నీకు ఇంట్ల ఎవరున్నరు?” అని అడిగేశాను. చుట్టుతిప్పి అడగడం నాకు రాదు.

ఆమె కవరు ముడి విప్పి, మళ్లీ గట్టిగా కట్టింది. నేనూ ఒక్కదాన్నే, మా ఊరికి వచ్చిపో అని చెప్పేలోపే ఆమె ఊరు వచ్చింది, దిగిపోయింది.

ఇంకెవరూ కూర్చోకుండా ఆ సీటులో నా సంచి పెట్టాను.