డాలా మీద అమ్మ పేరు

మా నారాయణఖేడ్‌లో పికప్ బండి వెనక తలుపును డాలా అంటారు. సామాను ఎక్కించేటప్పుడు కిందికి దించి, ఎక్కించాక పైకి లేపి, రెండు పక్కలా కొండీలు బిగించే ఇనుప తలుపు అది. దాన్ని ఎత్తుకుపోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అడుగున రెండు కీళ్లు, ఆ కీళ్లలో రెండు చీలలు ఉంటాయి. చీలలు గుంజేస్తే డాలా చేతికొస్తుంది. ఇద్దరు మనుషులు, కొనడానికి ఒక పాత ఇనుప సామాన్ల దుకాణం ఉంటే సరిపోతుంది. ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉండాల్సింది. జిరాక్స్ దుకాణం నడుపుతూ, ఊళ్లో అందరికీ దరఖాస్తులు నింపిపెడుతూ, లోకంలో నాకు తెలియనిది లేదన్నట్టు తిరిగే మనిషిని. మార్కెట్ యార్డు వెనక నిలబెట్టిన బండికి పట్టపగలే డాలా మాయమయ్యేదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు.

ఆ బండి మా బాపు స్నేహితుడిది. నాగల్‌గిద్ద నుంచి కందుల బస్తాలు తెచ్చి దించి, చాయ్ తాగి వచ్చేసరికి వెనక ఖాళీ. బాపు ఇంటికొచ్చి ఆ సంగతి నవ్వుతూనే చెప్పాడు.

"పాపం, బండి సుట్టు మూడుసార్లు తిరిగిండు. యాడనన్న ఊడి పడ్డదేమోనని రోడ్డు పొడుగున దేవులాడిండు."

చెప్పాక అమ్మ వైపు చూసి నవ్వు ఆపేశాడు. గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ చేతులు ఆగిపోయి ఉన్నాయి.

"మనది?" అంది.

"మనది వాకిట్లనే ఉన్నది. దానికేం గాలె."

అమ్మ ఆ మాట నమ్మలేదు. లేచి వెళ్లి, చూసి వచ్చి, మళ్లీ చిక్కుడుకాయల ముందు కూర్చుంది.

మా డాలా మీద అమ్మ పేరుంది. రాసింది మా అన్న. అన్న పెయింటరు. నంబరు ప్లేట్లు, ట్రాక్టరు ట్రాలీలు, దుకాణాల షట్టర్లు, గోడల మీద ఎరువుల ప్రకటనలు, ఏది చెబితే అది రాసేవాడు. బాపు ఈ పాత బండి కొన్న వారంలోనే డాలాకు నీలం రంగు వేసి, ఎర్రటి అక్షరాలు రాసి, వాటికి పసుపుపచ్చ నీడ తీర్చాడు. బాపు అందరిలాగే దేవుడి పేరు రాయమన్నాడు. అన్న వినలేదు.

"దేవుని పేరు అందరి బండ్ల మీద ఉంటది బాపూ. అమ్మ పేరు ఇంకెవ్వని బండి మీద ఉంటది?"

సున్నంలో ముంచిన దారం రెండో కొస పట్టుకుని నిలబడింది నేను. అక్షరాలు మరీ పెద్దవై, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పాకాయి. చివరి అక్షరం కింద వేలాడే వత్తు దిగి దిగి కుడివైపు కీలుకు తగిలింది. "జాగ సరిపోలేదు, ఆగమాగం రాసినవ్" అన్నాను. అప్పుడు కూడా నాకు అన్నీ తెలుసు. "అమ్మ పేరు సిన్నగ రాయాల్నారా?" అని కుంచె నా ముక్కుకు రాశాడు.

అమ్మకు చదువు రాదు. రంగు ఆరాక అన్న ఆమె చూపుడు వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీదుగా నడిపించాడు. అమ్మ సిగ్గుపడి వేలు లాక్కుంది. మళ్లీ తనే పెట్టింది. ఈ లోకంలో ఉన్న రాతలన్నిటిలో అమ్మ చదవగలిగేది ఆ ఒక్క పేరే.

తర్వాతి వానాకాలంలో అన్న పోయాడు. పచ్చకామెర్లు. ముందు పసరు తాగించాం, తర్వాత దవాఖానకు తీసుకుపోయాం. ముందు దవాఖానకే పోయి ఉంటే బతికేవాడేమో. ఆ మాట మా ఇంట్లో ఎవరం పైకి అనుకోం.

పెయింటరు పోతే ఊరినిండా అతని చేతిరాత మిగిలి ఉంటుందనుకున్నాను. అదీ నా తెలివే. గోడలకు కొత్త సున్నం పడింది, షట్టర్లకు కొత్త రంగులు పడ్డాయి, నంబరు ప్లేట్లు మారిపోయాయి, దుకాణాల ముందు ఫ్లెక్సీలు వెలిశాయి. నాలుగైదేళ్లలో అన్న రాసిన అక్షరం ఊళ్లో ఒక్కటి లేకుండా పోయింది. మిగిలింది మా డాలా ఒక్కటే. ఎవడో వచ్చి దాన్ని తూకానికి అమ్మేస్తే, వాడికి దక్కేది ఇనుము. మాకు పోయేది దాని మీది రంగు.

అందుకే ఆ సాయంత్రమే నేను గొలుసు, తాళం కొన్నాను. డాలాను బండి చట్రానికి కట్టి తాళం వేసి, తాళంచెవి బాపు చేతిలో పెట్టాను. బాపు గొలుసును రెండు వేళ్లతో ఎత్తి చూశాడు.

"గిది కుక్కను కట్టేస్తందుకు పనికొస్తది" అన్నాడు.

మరునాటి నుంచి బాపు సొంత పద్ధతి మొదలుపెట్టాడు. సాయంత్రం బండి వాకిట్లోకి రాగానే చీలలు ఊడదీసి, డాలాను వీపున వేసుకుని ఇంట్లోకి తెచ్చేవాడు. అమ్మ గోడకు పాత చీర మడత పరిచి ఉంచేది, అక్షరాలు గోడకు రాసుకోకుండా. బాపు దాన్ని ఆ మడతకు ఆనించి, పక్కనే కూర్చుని జొన్న రొట్టె తినేవాడు. పొద్దున్నే మళ్లీ మోసుకెళ్లి బిగించేవాడు. ఇంటికి వచ్చిన చుట్టాలు దాన్ని చూసి నవ్వితే, "ఇంటామె పేరు ఇంట్లనే ఉండాలె గద" అనేవాడు. బాపుకు అరవై దాటాయి. ఆ బరువు ఆయన మోయదగ్గది కాదు. సాయం పట్టబోతే "నువ్ దుకాణం సూస్కో పో" అని కసిరేవాడు.

మూడు వారాలు అలా గడిచాక, ఒకరోజు గడప దాటుతుండగా చేయి జారింది. బాపు డాలాను వదిలేయలేదు. అక్షరాలు బండకు రాసుకుంటాయని, కింద తన పాదం పెట్టాడు. పాదం వాచిపోయింది. అమ్మ వేడినీళ్ల కాపడం పెడుతూ తిట్టింది. బాపు మాత్రం "రంగు సూడు, గీసుకపోయిందా?" అని అడుగుతున్నాడు.

నాకు ఆ రోజు ఇద్దరి మీదా కోపం వచ్చింది. ఒక ఇనుప రేకు కోసం కాళ్లు విరగ్గొట్టుకుంటారా అనుకున్నాను. ఫోన్లో వెతికాను. చీలల చివర్లను కీళ్లకు వెల్డింగ్ చేసేస్తే, డాలా ఎప్పటిలా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, కానీ ఊడిరాదు. అంతే కదా. మరునాడు బాపు మంచం మీద ఉండగా డాలాను బండికి బిగించి, ఎవరికీ చెప్పకుండా వెల్డింగ్ దుకాణానికి తోలుకెళ్లాను.

వెల్డింగ్ చేసే ఆయన పెద్దమనిషి. అక్షరాలను చూసి ఆగాడు.

"వేడికి రంగు ఉబ్బుతది. గోనెసంచి తడిపి కప్పుదాం. డ్రమ్ముల నీళ్లు అయిపోయినయి, ఎదురుంగ హోటల్ల నుంచి ఒక బకీటు తెస్తవా?"

నా దుకాణం మూసి వచ్చాను. ఎవరో దరఖాస్తు కోసం ఆగకుండా ఫోన్ చేస్తున్నారు. "రెండు చుక్కల వెల్డింగే గద, ఏం గాదు. జల్దీ కానియ్యి" అన్నాను.

హోటలు రోడ్డుకు అవతలే ఉంది. ఇరవై అడుగులు. ఇప్పటికీ అటు వెళ్లినప్పుడు ఆ దూరం చూస్తాను.

ఎడమ కీలు ఒక్క నిమిషంలో అయిపోయింది. కుడివైపు కీలు తుప్పు పట్టి ఉంది, అతకలేదు. ఆయన మళ్లీ మళ్లీ అంటించాడు. నేను ఫోన్లో మాట్లాడుతూ అటు తిరిగి నిలబడ్డాను. కాలిన రంగు వాసనకు ఇటు తిరిగేసరికి, ఎర్రటి వత్తు బొబ్బలెక్కి నల్లబడి, పెచ్చులుగా రాలిపోతోంది. చివరి అక్షరం సగం దాకా ఇనుము బయటపడింది. పెద్దమనిషి ముసుగు తీసి నా ముఖం చూశాడు.

ఇంటికొచ్చి నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. డాలా కనబడకుండా బండి వెనక భాగాన్ని గోడకు ఆనించి నిలబెట్టాను. ఊడకుండా చేయించాను, ఇక మోయక్కర్లేదు అని బాపుకు చెప్పాను. బాపు "మంచిగ చేసినవ్ బిడ్డా" అన్నాడు. నా బతుకులో ఆయన నన్ను మెచ్చుకున్న సందర్భాలు చాలా తక్కువ. అందులో అది ఒకటి.

తెల్లారి బాపు కుంటుకుంటూనే బండి తీశాడు. సిర్గాపూర్ దగ్గరి తండా నుంచి పట్నం పోయే కూలీల సామాను తీసుకెళ్లాలి. బండి మలుపు తిరిగేదాకా చూడటానికి, ఎప్పటిలాగే అమ్మ గేటు దగ్గర నిలబడింది. బండి గోడ నుంచి ముందుకు కదిలింది. డాలా కనబడగానే అమ్మ చేయి ఎత్తింది.

"ఆపు."

బాపు దిగి వచ్చాడు. అమ్మ కాలిన చోట వేలు పెట్టింది. మిగతా అక్షరాల మీదుగా నడిచి వచ్చిన వేలు అక్కడికొచ్చి గరుకు ఇనుము మీద ఆగింది. నేను ఏదో చెప్పబోయాను. తడి గోనెసంచి గురించి చెప్పాను, నీళ్ల గురించి చెప్పాను. చెబుతూ ఉంటే అది నాకే అసహ్యంగా వినబడింది.

బాపు గొలుసుకు వేలాడుతున్న తాళాన్ని చూశాడు.

"దొంగ వస్తడని తాళం తెస్తివి. ఇంట్ల ఉన్నోనికి ఏం తాళం పెట్టాలెరా?"

అంతే అన్నాడు. బండెక్కి వెళ్లిపోయాడు. అమ్మ ఆ రోజు మలుపు దాకా చూడలేదు. బండి గేటు దాటకముందే లోపలికి నడిచింది.

ఏ దొంగా మా వాకిట్లోకి రాలేదు. ఇప్పటిదాకా కూడా రాలేదు. అన్న రాతను కాజేసింది నేను.

సంగారెడ్డిలో మంచి పెయింటరు ఉన్నాడని, ఫోన్లో ఫోటో ఉంది కాబట్టి అచ్చం అలాగే దించుతాడని రెండు రోజుల తర్వాత అమ్మతో అన్నాను. బియ్యంలో రాళ్లు ఏరుతున్న అమ్మ తలెత్తలేదు.

"పరాయోని చెయ్యి పెట్టనియ్య" అంది.

మరి అలాగే వదిలేయాలా అంటే, చాట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. బండి అలాగే తిరిగింది. కాలిన చోట తుప్పు మొదలైంది. ఒక సాయంత్రం పెరట్లో పాత గిన్నె ఒకటి కనబడింది. అందులో కిరోసిన్, కిరోసిన్‌లో అన్న కుంచె. గూట్లో ఏళ్లుగా కట్టెలా బిగుసుకుపోయి ఉన్న కుంచె అది. బాపు దాన్ని నానబెట్టి, రోజూ వచ్చి వేళ్లతో కొద్దికొద్దిగా మెత్తబరుస్తున్నాడు. నన్ను చూసి గిన్నె మీద పీట కప్పాడు.

ఆదివారం పొద్దున ఆ కుంచె, చిన్న ఎర్ర రంగు డబ్బా తెచ్చి అమ్మ ముందు పెట్టాడు.

"నీ పేరు గద. నువ్వే రాయి."

అమ్మ ఒప్పుకోదని నేననుకున్నాను. దరఖాస్తుల మీద వేలిముద్ర వేయడానికి కూడా జంకే మనిషి. అమ్మ చీర కొంగు నడుముకు దోపి, బండి వెనక నేల మీద చతికిలబడింది. బాపు అప్పటికే తుప్పు గీకి నీలం రంగు వేసి ఉంచాడు. నేను ఫోన్లో అన్న రాసిన ఫోటో తెరిచి ఆమె కళ్ల ముందు పట్టాను. అమ్మ ఫోను పక్కకు నెట్టింది.

"నాకు తెల్వదా?"

కుంచెను గరిటెలా పట్టుకుంది. సగం కాలిపోయిన అక్షరం దగ్గర మొదలుపెట్టి, వంపు తిప్పి, కిందికి దించి, వత్తును మెల్లగా లాక్కుంటూ కీలు దాకా తీసుకెళ్లి, అన్న ఎక్కడ ఆపాడో సరిగ్గా అక్కడ ఆపింది. ఫోటోతో పోల్చి చూశాను. గీత వంకరగా ఉంది, మందం ఒక్కో చోట ఒక్కోలా ఉంది. కానీ మలుపు ఒక్కటి తప్పలేదు.

"ఎట్ల యాదికున్నదమ్మా?" అని అడిగాను.

"రోజు పొద్దుగాల బండి పొయ్యేటప్పుడు కండ్లతోని రాసుకుంటుంటి. నువ్వు దొంగలకు భయపడ్డవు బిడ్డా. నేను మర్సిపోతనేమోనని భయపడ్డ."

ఆరేళ్లుగా అమ్మ గేటు దగ్గర నిలబడేది బాపును సాగనంపడానికి అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందే, ఆమె రంగు చేతుల ముందే ఏడ్చాను. అమ్మ ఓదార్చలేదు. "కుంచె కడుగు, మల్ల బిగుసుకపోతది" అంది.

కడిగాను. ఇప్పుడు ప్రతి వారం కడుగుతున్నాను, వాడినా వాడకపోయినా. గొలుసు, తాళం బాపు తీసేయలేదు, నేను వేయించిన వెల్డింగూ అలాగే ఉంది. మొన్న మనూర్‌లో బస్తాలు ఎక్కించే హమాలీ ఒకతను డాలా లేపుతూ, చివరి అక్షరం గట్ల వంకర పోయిందేంది, రాసినోడు తాగి ఉన్నడా అని నవ్వాడు. బస్తాలు లెక్కబెట్టడానికి ఆ రోజు నేను కూడా బండి వెంట వెళ్లాను. జవాబు చెప్పాల్సింది నేనే అనుకుని నోరు తెరిచాను.

బాపు నాకంటే ముందు అందుకున్నాడు. "ముందటి అచ్చరాలు మా పెద్దోడు రాసిండు. గా ఆఖరిది వాళ్లమ్మ రాసింది" అన్నాడు. అని, కొండీలు తనే బిగించాడు.