గోల్కొండలో అమ్మ చప్పట్లు

పోయిన చలికాలం సిద్దిపేటలో కారు కిరాయికి మాట్లాడుకుని, అమ్మతో, మా ఆయనతో హైదరాబాద్ చూడటానికి వెళ్లాను. పొద్దున చార్మినార్ చూసి, మధ్యాహ్నానికి గోల్కొండ చేరాం. మోకాళ్ల నొప్పులతో అమ్మ మెట్లెక్కలేనంది. డ్రైవర్ యాదగిరి తోడుంటానన్నాడు.

"గీ కమాను కింద చప్పట్లు కొడితే గా పైదాంక వినవడ్తయక్కా. అవ్వకేమన్నయితే నేను కొడ్త. ఫికర్ చెయ్యకున్రి" అన్నాడు.

మేం ఆయాసపడుతూ పైకి చేరామో లేదో, కింది నుంచి చప్పట్లు! ఆగకుండా వస్తూనే ఉన్నాయి. అమ్మకేదో అయిందనుకున్నాను. మెట్లన్నీ పరుగున దిగాను. చెప్పు తెగినా ఆగలేదు.

కమాను కింద అమ్మ బతుకమ్మ ఆడుతోంది! ఎక్కడినుంచో వచ్చిన, తెలుగే రాని ఆడవాళ్లు ఆమె వెనకే వంగుతూ, లేస్తూ చప్పట్లు కొడుతున్నారు. నడుమ చేతులు కట్టుకుని యాదగిరి నిలబడ్డాడు, నెత్తిన అమ్మ కొప్పులోని బంతిపువ్వుతో.

"వీళ్లు ఊకె నిలవడి చప్పట్లు కొడ్తుంటే, 'గట్లనా కొట్టేది' అని అవ్వ అందర్ని తిప్పవట్టిందక్కా. బతుకమ్మ లేదని నన్ను నడుమ నిలవెట్టింది!" అన్నాడు దీనంగా.

భయం దిగకముందే నవ్వొచ్చిన రోజు నా జీవితంలో అదొక్కటే. తెగిన చెప్పు పక్కన పడేసి నేనూ ఆ వరుసలో కలిశాను.

తిరుగు ప్రయాణంలో, "పాపం, పైదాంక ఎక్కకపోతివి గదనే అమ్మా" అన్నాను.

"నేనెక్కకుంటేంది బిడ్డా, నా చప్పట్లు ఎక్కినయ్ గదా!" అంది.