ఓరెస్ట్ గారి పుట్టినరోజులు

అందరికీ పుట్టినరోజు ఏడాదికి ఒక్కసారి వస్తుంది. మా ఓరెస్ట్ గారికి అమావాస్యకొకటి, పున్నానికొకటి వచ్చేది. ఇదంతా ఆయన్ని అడిగే రాస్తున్నాను. "రాసుకో మావిస్ తల్లీ, తేదీలు మాత్రం వెయ్యకు" అన్నారు.

మాది కెనడాలోని కార్మోడీ. సస్కాచెవాన్‌లో గోధుమ చేల మధ్య ఒక చిన్న ఊరు. చలికాలం వచ్చిందంటే ఎవరింట్లో వాళ్ళు తలుపులు బిగించుకుని కూర్చుంటారు. పక్కింటివాడు ఉన్నాడో పోయాడో పొగగొట్టం చూసి తెలుసుకోవాల్సిందే. అప్పుడు మా అందరికీ దిక్కు ఒక్కటే, కర్లింగ్ క్లబ్బు. కింద మంచు మీద రాళ్ళు జారవిడిచే ఆట, పైన గాజు కిటికీ వెనక బల్లలు, కుర్చీలు, మూలన టీవీ. ఆట అయ్యాక గెలిచిన జట్టు ఓడిన జట్టుకి మొదటి గ్లాసు పోయించాలి. రెండు జట్లూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఒకరి మొహం ఒకరు చూడ్డం ఇష్టం లేకపోయినా సరే, ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా లేవకూడదు. తాతల నాటి పద్ధతి.

ఓరెస్ట్ గారు ధాన్యం గోదాములో పనిచేసి రిటైరయ్యారు. మోకాళ్ళు మొరాయించాక ఆట మానేసి, గాజు కిటికీ పక్క కుర్చీలో స్థిరపడ్డారు. పెద్ద మనిషి, పెద్ద మీసం, చెవులు కప్పే పాత టోపీ. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, అమ్మాయిలంతా గోధుమ కోతల్లో బిజీగా ఉన్నారనేవారు.

ఆట మంచి రసపట్టులో ఉండగా ఆయన లేచి చెంచాతో గాజు మీద టకటకా కొట్టేవారు. అందరూ తల తిప్పేవాళ్ళు.

"ఇవాళ నా పుట్టినరోజు. ఎవరూ ఇంటికి పోకండి."

"పోయిన నెల అయింది కదయ్యా?" అని ఎవరో ఒకరు.

"అది ప్రాక్టీసు."

"మరి అక్టోబరులో?"

"మా యుక్రేనియన్ల ఇళ్ళల్లో క్రిస్మస్ రెండుసార్లు రావట్లేదూ? పాత క్యాలెండరుకొకటి, కొత్త క్యాలెండరుకొకటి. పుట్టినరోజు ఏం పాపం చేసింది?"

"సరే, రెండు. మిగతావి?"

"వాటి క్యాలెండరు ఇంకా అచ్చులో ఉంది. ముందు పళ్ళాలు తీయండి."

ఆయనతో వాదించి గెలిచినవాడు లేడు. గెలిచినా లాభం లేదు, ఎందుకంటే అప్పటికే బల్ల మీద కేకు ఉండేది. స్వయంగా ఇంట్లో చేసుకొచ్చేవారు. ఒకసారి రేవుచిన్ని అనే పుల్ల కాడలు కూరి కాల్చిన 'పై', ఒకసారి తేనె కేకు, ఒకసారి ఎవరూ ముట్టని ఎండుద్రాక్ష పుడ్డింగు. అందరం పాట పాడాక కత్తి తీసి ఎవరో ఒకరి చేతిలో పెట్టేవారు. "నువ్వు కోయి. నా చెయ్యి వణుకుతుంది." అదే చేత్తో పది నిమిషాల తర్వాత గోడ మీది గురికి బాణాలు విసిరే ఆటలో సరిగ్గా నడిమధ్యలో కొట్టేవారు. కేకు చూస్తే తప్ప ఆ చెయ్యి వణకదని ఊరంతా చెప్పుకునేది.

ఓసారి స్కూలు టీచరుగా చేసి రిటైరైన ఇంగాకి కత్తి ఇచ్చారు. ఆవిడ ఊళ్ళో ఎవరితోనూ రెండు మాటలకు మించి మాట్లాడదు. ఆ రోజు పుడ్డింగు కోస్తూ కోస్తూ, చిన్నప్పుడు గుర్రబ్బండి మంచులో దిగబడిన కథ మొదలెట్టి, బారు మూసేదాకా ఆపలేదు. ఓరెస్ట్ గారు మాత్రం పళ్ళెం పక్కకు జరిపి, నల్ల కాఫీ తాగుతూ కూర్చున్నారు. పుట్టినరోజు ఆయనది, తినేది ఊరిది.

ఇక నా బాధ చెప్పాలి. నేను మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తాను. మందులు ఇచ్చే ముందు ప్రతివాళ్ళ చేతా పుట్టిన తేదీ పైకి చెప్పించాలి. మా ఫార్మసిస్టు నాదర్ ఈజిప్టు నుంచి వచ్చినవాడు, రూలంటే రూలే. సొంత పెళ్ళాం దగ్గు మందుకి వచ్చినా "పుట్టిన తేదీ?" అంటాడు. అందువల్ల నాదర్ కాక ఓరెస్ట్ గారి అసలు పుట్టినరోజు ఊళ్ళో తెలిసింది నాకొక్కదానికే. అది ఫిబ్రవరిలో వస్తుంది. ఆయనకి చక్కెర జబ్బని కూడా తెలుసు. రెండూ బయటికి చెప్పకూడదు. చెబితే ఉద్యోగం పోతుంది. క్లబ్బులో ప్రతి పుట్టినరోజుకీ జనం నా చుట్టూ చేరేవాళ్ళు. "నీకు తెలుసుగా, చెప్పు మావిస్. ఇవాళేనా? తలాడించు చాలు." నేను తల కదలకుండా పట్టుకుని కేకు తినేదాన్ని. మెడ పట్టేసేది.

ఓరెస్ట్ గారు రోజూ పొద్దున్నే మా షాపుకి వచ్చేవారు. కౌంటరు పక్కన రక్తపోటు చూసుకునే మిషను ఉంది, దానికో కుర్చీ ఉంది. ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. ఆయన చూసుకున్నాక టోపీ మొహం మీదకి లాక్కుని అక్కడే మధ్యాహ్నం దాకా కునుకు తీసేవారు. "ఇంట్లో మంచం లేదా?" అని నాదర్ విసుక్కునేవాడు. "ఉంది. కానీ అది మాట్లాడదు" అనేవారు టోపీ కింద నుంచి.

ఆ మాటకి నాకు నవ్వు రాలేదు. మా అక్క పోయినప్పటి నుంచి నా ఇల్లూ మాట్లాడదు. సాయంత్రం రేడియో పెట్టుకుని, సూపు వేడి చేసుకుని, పొయ్యి దగ్గరే నిలబడి తాగేసేదాన్ని. ఒక్క మనిషి కోసం బల్ల తుడవడం దేనికనిపించేది. నా పుట్టినరోజు కూడా అలాగే పొయ్యి దగ్గర నిలబడే వెళ్ళిపోయేది. అది ఎవరికీ తెలియదు. వయసు బయట పడకూడదని, నా మందులు నేను షాపు తెరవకముందే తీసేసుకునేదాన్ని.

పోయిన నవంబరులో క్లబ్బుకి కొత్త ప్రెసిడెంటు వచ్చాడు. పేరు లోర్న్. నలభై ఏళ్ళు ఇన్సూరెన్సు కంపెనీలో, జనం చెప్పుకునే నష్టాల్లో అబద్ధాలు వెతికే ఉద్యోగం చేశాడు. ఎవరైనా "బాగున్నాను" అన్నా ఆధారం అడిగే రకం. భార్య వదిలేసి రెజైనా పట్నానికి వెళ్ళిపోయిన దగ్గర నుంచి మరీ ముదిరింది.

ఆ శనివారం లోర్న్ జట్టు గెలిచింది. ఓడినవాళ్ళకి గ్లాసులు పోయిస్తున్నాడు. ఓరెస్ట్ గారు చెంచాతో గాజు కొట్టారు. బల్ల మీద గసగసాలు కూరి చుట్టిన రొట్టె, దాని మీద ఒక్క కొవ్వొత్తి. పాట అయ్యాక కత్తి తీసుకెళ్ళి లోర్న్ చేతికిచ్చారు.

"నువ్వు కోయి. నా చెయ్యి వణుకుతుంది."

లోర్న్ కత్తి బల్ల మీద పెట్టేశాడు. "చూడు ఓరెస్ట్. నీకు నవ్వులాటగా ఉందేమో. ఈ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో అసలు పుట్టినరోజు వచ్చినా పలకరించే దిక్కులేనివాళ్ళు ఉన్నారు. నువ్వేమో నెలకోసారి పాట పాడించుకుంటున్నావు. ఇవాళ్టి నుంచి రూలు. మనిషికి ఏడాదికి ఒక్క పుట్టినరోజు. డ్రైవింగ్ లైసెన్సు చూపించాలి."

ఓరెస్ట్ గారు కొవ్వొత్తి తనే ఊదేసి, కోటు తొడుక్కున్నారు.

"రూలు మంచిదే. నా వాటా ఎప్పుడో అయిపోయింది" అని మెట్లు దిగి వెళ్ళిపోయారు. రొట్టె ఎవరూ కోయలేదు.

ఆ తర్వాత ఆయన క్లబ్బుకి రాలేదు. షాపుకీ రాలేదు. రక్తపోటు కుర్చీ ఖాళీ. పీడ విరగడైందన్న నాదర్, రెండో రోజుకే ఆ కుర్చీ వైపు చూసి నిట్టూర్చాడు. క్లబ్బులో జనం గ్లాసు ఖాళీ అవగానే ఇళ్ళకి పోతున్నారు. ఆయన లేకపోతే నాకు ఇంత వెలితిగా ఉంటుందని ముందు తెలియలేదు. ఆయన ఆ చలిలో, మాట్లాడని ఆ ఇంట్లో ఎలా ఉన్నారో అని అన్నం సయించేది కాదు. ఫోను చేస్తే బాగానే ఉన్నానని పెట్టేసేవారు.

వారం తిరక్కుండానే లోర్న్ మందులకి వచ్చాడు. నేను మామూలుగానే అడిగాను. "పుట్టిన తేదీ?"

చెప్పాడు. కంప్యూటరులో కొట్టబోయి ఆగిపోయాను.

"అంటే మొన్న శనివారం కదూ?"

"అయితే ఏం? ఎవడికి గుర్తుంటుంది? మా అమ్మకి గుర్తుండేది. ఆవిడ పోయాక…" అన్నాడు చిరాగ్గా. తర్వాత మాట మెల్లిగా తగ్గింది. "గసగసాల రొట్టె చేసేది."

ఇద్దరం ఒక్కసారే ఆ ఖాళీ కుర్చీ వైపు చూశాం. ప్రతివాడూ ఈ కౌంటరు దగ్గర నిలబడి పుట్టిన తేదీ పైకి చెబుతాడు. చెబుతున్నంతసేపూ టోపీ కింద ఆయన చెవులు మేలుకునే ఉంటాయి. ఎవరి అమ్మ ఏం వండేదో, చిన్నప్పుడు ఏది ఇష్టమో, ఆ కుర్చీలోంచే కబుర్లలో పెట్టి లాగేవారు. నాకు వరసగా గుర్తొచ్చాయి. రేవుచిన్ని 'పై' రోజు కత్తి ఎవరి చేతిలో ఉంది, తేనె కేకు రోజు ఎవరు, పుడ్డింగు రోజు ఇంగా. ఆ తేదీలన్నీ నా చేత్తో రోజూ కొడుతున్నవే, ఒక్కటీ బుర్రకెక్కలేదు. ఎవరూ లేని మనిషిని పిలిచి నీకు పుట్టినరోజు చేస్తామంటే, జాలిపడుతున్నారని ఇంట్లోంచి కదలడు. ఇంకొకడి పుట్టినరోజంటే మాత్రం వచ్చి కేకు కోస్తాడు, పాటా పాడతాడు.

లోర్న్ డబ్బులిచ్చి మందులు మర్చిపోయి వెళ్ళిపోయాడు.

మా ఊరి మగాళ్ళకి క్షమించమని అడగడం చేతకాదు, పార పట్టుకోవడం వచ్చు. మర్నాటి నుంచి లోర్న్ ప్రతి పొద్దునా వెళ్ళి ఓరెస్ట్ గారి గుమ్మం ముందు మంచు ఎత్తిపోసేవాడు. మంచు పడని రోజు కూడా. ఓరెస్ట్ గారు కిటికీ తెర కొంచెం తొలగించి చూసి, మళ్ళీ వేసేసేవారు. తలుపు తియ్యలేదు. డిసెంబరంతా, జనవరంతా ఇదే తంతు.

ఫిబ్రవరి వచ్చింది. ఆయన అసలు పుట్టినరోజు ఆదివారం పడింది. అదే రోజు టీవీలో ఆడవాళ్ళ జాతీయ కర్లింగ్ పోటీల ఫైనలు. ఎవరికీ చెప్పకూడదు. చెప్పకుండా ఊరుకోవడమూ నా వల్ల కాలేదు. శనివారం క్లబ్బులో చెంచా తీసుకుని గాజు మీద కొట్టాను.

"రేపు నా పుట్టినరోజు. ఫైనలు ఓరెస్ట్ గారింట్లో చూద్దాం. ఎవరి కుర్చీ వాళ్ళే తెచ్చుకోండి."

లోర్న్ అలవాటుగా చెయ్యి చాపాడు. "లైసెన్సు…" అని, చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు. "వద్దులే. కుర్చీలు నా బండిలో వేస్తాను."

మర్నాడు అంతమందిమి కుర్చీలు మోసుకుని గుమ్మంలో నిలబడితే ఓరెస్ట్ గారు తలుపు తీయక తప్పలేదు. చలిలో మనిషిని బయట నిలబెట్టడం మా దగ్గర హత్యతో సమానం.

"ఏమిటిది?" అన్నారు.

"నా పుట్టినరోజు. మా ఇల్లు చిన్నది" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. ఊళ్ళో ఆయనకి తెలియని తేదీ నాదొక్కటే. కౌంటరుకి ఇవతలే ఉంటాను కదా, పైకి చెప్పే అవసరం రాలేదు. అంచేత నన్ను కాదనడానికి ఆయన దగ్గర ఆధారం లేదు. "రండి" అన్నారు.

బల్ల మీద నా పళ్ళెం పెట్టాను. కేకు కాదు. క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి ఉడికించిన ముద్దలు, గోపురంలా పేర్చి, పైన ఒక కొవ్వొత్తి గుచ్చాను. ఇంగా మొహం చిట్లించి, నలభై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పాను గానీ క్యాబేజీకి కొవ్వొత్తి గుచ్చడం చూడలేదంది. అందరూ నా పేరు పెట్టి పాట పాడారు. నేను కత్తి తీసి ఓరెస్ట్ గారి చేతిలో పెట్టాను.

"మీరు కోయండి. నా చెయ్యి వణుకుతోంది."

ఆయన కత్తి వంక చూశారు. చక్కెర లేని ఆ పళ్ళెం వంక చూశారు. మీసం ఒకవైపు లేచింది. చిత్రం, ఈసారి ఆ చెయ్యి నిజంగానే వణికింది. మెల్లిగా కోసి, ఆ రోజు మొట్టమొదటి ముక్క తనే తిన్నారు.

టీవీలో ఆట మొదలైంది. ఓరెస్ట్ గారు పక్క రాష్ట్రం మానిటోబా వైపు, లోర్న్ సొంత రాష్ట్రమని సస్కాచెవాన్ వైపు. గదికి ఆ చివరొకరు, ఈ చివరొకరు. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, టీవీతోనే మాట్లాడారు. ఆఖరి రాయికి మానిటోబా గెలిచింది. ఓరెస్ట్ గారు లేచి, అల్మారాలోంచి సీసా తీసి, రెండు గ్లాసుల్లో పోశారు.

"లోర్న్, ఇలా రా. ఓడినవాడివి, నా పక్కన కూర్చోవాలి. పద్ధతి."

లోర్న్ కుర్చీ ఎత్తుకుని వచ్చి కూర్చున్నాడు. ఓరెస్ట్ గారే అన్నారు. "గుమ్మం ముందు మంచు చాలా బాగా తీస్తున్నావు. పక్కింటి వాళ్ళది కూడా చూడు, ముసలాళ్ళు." ఆ గ్లాసు ఖాళీ అవడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరూ కావాలనే చిన్న చిన్న గుక్కలు తాగారు.

వెళ్ళేముందు నేను కోటు తొడుక్కుంటుంటే ఆయన తలుపు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు.

"మరి నీ అసలు పుట్టినరోజు ఎప్పుడు?"

"చెప్పకూడదు. షాపు రూలు."

మర్నాటి నుంచి టోపీ మళ్ళీ కుర్చీలోకి వచ్చింది. జూన్ మొదట్లో నాకు జలుబు పట్టుకుంది. ఎంత చెప్పినా వినకుండా నాదర్ మందుల పొట్లం చేతిలో పట్టుకుని, నన్ను కౌంటరుకి అవతల నిలబెట్టి, గట్టిగా అడిగాడు. "పుట్టిన తేదీ?"

ఓరెస్ట్ గారు గురక పెడుతున్నారు కదా అని, చెప్పేశాను. గురక ఆగింది.