ఇరవై ఆరు పాయింట్ ఆరు ఏడు

మా కాలేజీలో కాంక్రీటు బలం ఎప్పుడూ ఒక్కటే. చదరపు మిల్లీమీటరుకి ఇరవై ఆరు పాయింట్ ఆరు ఏడు న్యూటన్లు. మా ముందు బ్యాచ్‌కీ అంతే, వాళ్ళ ముందు బ్యాచ్‌కీ అంతే. వానాకాలంలో పోసినా అంతే, ఎండల్లో పోసినా అంతే, అసలు పోయకపోయినా అంతే. నిజానికి ఎవరూ పోయలేదు. ఆ అంకెను మొదట ఏ మహానుభావుడు ఎక్కడి నుంచి తెచ్చాడో తెలియదు గాని, సీనియర్ల రికార్డు పుస్తకాల్లోంచి జూనియర్ల పుస్తకాల్లోకి, కింద గీతతో సహా దిగుతూ వచ్చింది.

నేను పోర్ట్ బ్లెయిర్‌లో సివిల్ ఇంజనీరింగ్ చదివాను. మా ఇల్లు ప్రోతరాపూర్‌లో. తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి తాపీపనికి వచ్చాడు. నాన్న ఆ పనిలోనే పెరిగి చిన్న కాంట్రాక్టరు అయ్యాడు. ఇళ్ళు, ప్రహరీలు, మా తెలుగు చర్చికి కొత్త మెట్లు, ఇలాంటివి కట్టేవాడు. పదో తరగతి దాటలేదు. నాకు సీటొచ్చిన రోజు, "ఇకమీదట డ్రాయింగులు నువ్వే సూడాలమ్మా. ఇంజనీరింటికెళ్ళి గుమ్మంలో నిల్చోడం నావల్ల కాదు," అన్నాడు. నాకు చాలా గర్వంగా అనిపించింది. అప్పటికింకా క్లాసులు మొదలు కాలేదు.

మాకు కాంక్రీట్ టెక్నాలజీ చెప్పిన సార్ మెయిన్‌లాండ్ నుంచి వచ్చారు. ఆయన దగ్గర ఒక ల్యాప్‌టాప్, అందులో స్లైడ్లు, ప్రతి స్లైడు అడుగునా వేరే కాలేజీ పేరు ఉండేవి. ఆ పేరు తీసేయాలన్న ఆలోచన కూడా ఆయనకి రాలేదు. స్లైడు మీదున్నది పైకి చదవడం ఆయన పని, రాసుకోవడం మా పని. కరెంటు పోతే పాఠం కూడా పోయేది. మళ్ళీ వచ్చేదాకా ఆయన ఫోన్ చూసుకునేవారు, మేం ఆయన్ని చూసేవాళ్ళం. భూకంపాల చాప్టరు వచ్చినప్పుడు "సెల్ఫ్ స్టడీ" అని మూడు స్లైడ్లు దాటించారు. కుర్చీలో కూర్చున్నవాళ్ళని ఏడాదికి రెండుసార్లయినా నేల ఊపే ఊళ్ళో, ఆ ఒక్క చాప్టరూ మా అంతట మేం చదువుకోవాలట.

ఒకరోజు స్లైడు మీద, "నది నుంచి తెచ్చిన శుభ్రమైన ఇసుక వాడవలెను," అని వచ్చింది. మా దీవుల్లో ఇసుక తేగల నది లేదు. బీచ్ ఇసుక తీయనివ్వరు. అందుకని ఇక్కడ కట్టేవాళ్ళంతా క్రషర్లో రాయి కొట్టగా వచ్చే స్టోన్ డస్టే వాడతారు. ఈ సంగతి మా వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నేను లేచి అడిగాను.

"సార్, ఇక్కడ అందరూ స్టోన్ డస్ట్ వాడుతున్నారు. దానికి నీళ్ళ పాళ్ళు ఎలా లెక్కెయ్యాలి?"

"సిలబస్ మే హై క్యా?" అన్నారు ఆయన.

సిలబస్‌లో లేదన్నాను.

"తో క్యోం పూఛ్ రహీ హో?"

క్లాసంతా నవ్వింది. మరెందుకు అడుగుతున్నావని ఆయన అంటే, ఆయన్ని మెప్పించడానికి నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే రోత.

ల్యాబ్ ఇంకొక వింత. కాంక్రీటు దిమ్మని నొక్కి పగలగొట్టి బలం చూసే మిషన్ ఒకటి మూలన ఆకుపచ్చ గుడ్డ కప్పుకుని నిలబడి ఉండేది. దిమ్మలు పోసే ఇనప అచ్చుల మీద ఫ్యాక్టరీలో రాసిన గ్రీజు ఇంకా ఆరలేదు. ల్యాబ్ గంటలో మేం చేసే పని ఏమిటంటే, తరగతికి ఒక సీనియర్ రికార్డు సంపాదించి, వరసగా కూర్చుని, అందంగా ఎక్కించుకోవడం. సార్ వచ్చి సంతకం పెట్టేవారు. ఒకసారి సీనియర్ ఎవరో "క్యూబ్" అనే మాటలో ఒక అక్షరం తప్పు రాస్తే, నలభై మందిమీ ఆ తప్పునే రాసుకున్నాం. దానికీ సంతకం పడింది.

మూడో ఏడు ఒక సాయంత్రం అన్నం తింటూ ఇంట్లో గొప్పగా చెప్పాను, మేం ల్యాబ్‌లో చూసిన కాంక్రీటు బలం ఇరవై ఆరు పాయింట్ ఆరు ఏడు అని. నాన్న తినడం ఆపాడు.

"మన కాంక్రీటుకి ఎంతుంటాదమ్మా?"

మూడేళ్ళు చదివినా ఆ మనిషి అడిగిన మొదటి ప్రశ్నకే నాకు జవాబు లేకపోయింది.

ఆ వారంలోనే నాన్న తుష్నాబాద్‌లో ఒక రైతు ఇంటికి వరండా స్లాబు వేస్తున్నాడు. ల్యాబ్‌లో పనిచేసే భయ్యాని బతిమాలి మూడు అచ్చులు తీసుకున్నాను. "తీస్కెళ్ళు బేటీ. వీటికి కూడా ఒకసారి కాంక్రీటు మొహం చూపించు," అన్నాడాయన. కాలేజీ మొత్తంలో ఆ మిషన్ల గురించి దిగులుపడ్డ మనిషి ఆయనొక్కడే.

స్లాబు పోసిన రోజు అదే మాలుతో మూడు దిమ్మలు పోశాను. మర్నాడు అచ్చులు విప్పి, ఇంటి వెనక డ్రమ్ములో నీళ్ళలో వేశాను. నాలుగు వారాలు నానాలి. మా వీధిలో పైపు నీళ్ళు రెండు మూడు రోజులకోసారి వస్తాయి. అమ్మ ఆ డ్రమ్ము చూసినప్పుడల్లా, "మనుషులకి లేవుగాని రాళ్ళకి తానాలు," అని గొణిగేది. కాని ఒక్కరోజు కూడా అందులోంచి చెంబుడు నీళ్ళు తియ్యలేదు.

నాలుగు వారాలయ్యాక వాటిని గోనెసంచుల్లో కాలేజీకి తీసుకెళ్ళాను. ఒక్కోటి ఎనిమిది కిలోలు. నా క్లాస్‌మేట్ ఒకడు రెండు మోశాడు. బస్సులో కండక్టర్ సంచి తడిమి, "ఇస్ మే క్యా హై?" అన్నాడు. "చదువు," అన్నాడు మావాడు.

సార్ ఆ సంచుల్ని చూసి, మేమేదో బల్లిని పట్టి తెచ్చినట్టు మొహం పెట్టారు.

"ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. మిషన్ మీద పెట్టి చూద్దామని."

"మిషన్‌కి కాలిబ్రేషన్ అవ్వలేదు. ఏమైనా అయితే జవాబ్ ఎవరిస్తారు, మీ నాన్నా?"

ఆయన వెళ్ళాక ల్యాబ్ భయ్యా ఆ ఆకుపచ్చ గుడ్డ పైకెత్తి చూపించాడు. బలం చూపించే గేజు ఉండాల్సిన చోట గుండ్రటి కన్నం ఉంది. గేజు రిపేరుకని ఓడలో చెన్నై వెళ్ళిందట, తిరిగి రాలేదట. ఎన్నేళ్ళయిందంటే ఆయన లెక్కపెట్టడం మొదలుపెట్టి మానేశాడు.

ఊళ్ళో ఒక ప్రభుత్వ ల్యాబ్ ఉంది, కాంట్రాక్టర్లు తెచ్చిన దిమ్మల్ని అక్కడ చూస్తారు. విద్యార్థినని వెళితే కాలేజీ ఉత్తరం అడుగుతారు, సార్ ఆ ఉత్తరం ఇవ్వరు. చివరికి నాన్నే కాంట్రాక్టరుగా కాగితం రాసి, స్కూటర్ మీద దిమ్మలు పెట్టుకుని నాతో వచ్చాడు. అక్కడ టెక్నీషియన్ ఒక దీదీ. మాట తక్కువ మనిషి. మొదటి దిమ్మని మిషన్లో పెట్టింది. ముల్లు నెమ్మదిగా కదిలింది. ఉన్నట్టుండి దిమ్మ పక్కలు పొట్టులా రాలి, లోపల పిడచలా మిగిలింది. ఆవిడ రాసుకుని రెండోది పెట్టింది, తర్వాత మూడోది. మూడూ ఇంచుమించు పదమూడు. రావలసింది ఇరవైకి పైన.

నాన్న నా వైపు చూడలేదు.

దీదీ ఒక ముక్క తీసి వేళ్ళతో నలిపి, నాన్న చేతిలో పెట్టింది. "పానీ జ్యాదా. డస్ట్‌లో ఈ మెత్తటి పొడి ఎక్కువుంది, అది నీళ్ళు తాగేస్తుంది. మాల్ జారట్లేదని మీ పనోళ్ళు ఇంకా పోస్తారు. జల్లించండి, కడగండి, బకెట్ కొలత పెట్టండి. పైప్ పట్టుకుని పోయనివ్వొద్దు."

అంతే. అరగంట కూడా పట్టలేదు. ఒక సెమిస్టరంతా, స్లైడ్లన్నీ, ఆ హాజరు పట్టీలూ కలిపి నాకు చెప్పలేకపోయిన పాఠం అది. ఆవిడ డిప్లొమా చదివిందట.

స్కూటర్ మీద ఇంటికొస్తుంటే, "ఇన్నేళ్ళూ ఇలాగే పోసినానమ్మా," అన్నాడు నాన్న. ఓదార్చడానికి కూడా నాకు విషయం తెలిసి ఉండాలి కదా.

మర్నాడు పొద్దున్నే తుష్నాబాద్ వెళ్ళాం. రైతు మమ్మల్ని అదే వరండాలో కూర్చోమన్నాడు. నాన్న నిలబడే చెప్పాడు, స్లాబు బలం చాల్లేదు, పగలగొట్టి మళ్ళీ పోస్తానని. రైతు తలెత్తి పైకి చూశాడు, బాగానే కనిపిస్తోందే అన్నట్టు.

"అచ్ఛా తో దిఖ్ రహా హై, భయ్యా."

"దిఖ్‌నే మే అచ్ఛా హై," అన్నాడు నాన్న. "మీ మనవలు దీని కింద ఆడుకుంటారు. నాకు నిద్ర పట్టదు."

నేనూ కాలేజీకెళ్ళి రికార్డులో ఉన్నది ఉన్నట్టు రాశాను. పదమూడు. ఎందుకు తగ్గిందో కూడా ఒక పేజీ రాశాను. నా చదువులో నేను సొంతంగా రాసిన పేజీ అదొక్కటే. సార్ దాని మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా ఒక గీత గీశారు.

"ఫెయిలైన రిజల్ట్ రికార్డులో రాస్తారా? ఎక్స్‌టర్నల్ చూస్తే కాలేజీ ఇజ్జత్ ఏమవుతుంది? మళ్ళీ రాసుకురా. సీనియర్‌ది చూడు."

రాశాను. పోట్లాడానని చెప్పుకోవాలని ఉంది గాని, పోట్లాడలేదు. చక్కగా కూర్చుని ఇరవై ఆరు పాయింట్ ఆరు ఏడు రాసి, కింద గీత కూడా గీశాను.

ప్రాక్టికల్ పరీక్షకి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మెయిన్‌లాండ్ నుంచి విమానంలో వచ్చారు. కాంక్రీటు గురించి ఆయనకేమీ తొందర లేదు. ఆయన తొందరంతా హేవ్‌లాక్ దీవి చూడ్డానికి వెళ్ళే ఓడ గురించి. కుటుంబాన్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. సార్ మా క్లాస్‌మేట్‌ని, అదే, దిమ్మలు మోసినవాణ్ణి, టికెట్ల కోసం ఫీనిక్స్ బే జెట్టీకి పంపారు. వాడు మూడు గంటలు క్యూలో నిలబడి, పోర్టర్ల తోపులాటలో చెప్పు తెగ్గొట్టుకుని, టికెట్లు తెచ్చి ఆయన చేతికిచ్చాడు. వాడి వైవా అదే. ఒక్క ప్రశ్న లేదు. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వాడికే వచ్చాయి. "కాంక్రీటు క్యూబు కాదే, క్యూ," అని ఆ తర్వాత చాన్నాళ్ళు వాడే నవ్వించేవాడు.

నా వంతు వచ్చింది. ఎగ్జామినర్ రికార్డు తిప్పారు. సార్ పక్కనే నిలబడ్డారు.

"ఈ టెస్ట్ నువ్వే చేశావా?"

చేశాను. నిజంగా చేసిందాన్ని ఆ గదిలో నేనొక్కదాన్నే. ఆయన వేలు పెట్టిన అంకె మాత్రం నాది కాదు. ఆ మాట చెప్పడానికి ఒక్క క్షణం దొరికింది. సార్ నా వైపు చూడను కూడా లేదు, నేను చెప్పనని ఆయనకంత నమ్మకం.

"అవును సార్," అన్నాను.

"వెరీ గుడ్. మిషన్ బాగా పనిచేస్తోందా?"

"పనిచేస్తోంది సార్."

ఆయన లేచి ల్యాబ్ ఒకసారి చుట్టి చూశారు. ఆ గుడ్డ పక్కనుంచే వెళ్ళారు. ఎత్తలేదు. భోజనాల్లో చేప వేపుడు బాగుందని మాత్రం మెచ్చుకున్నారు. నాకు ఫస్ట్ క్లాస్ వచ్చింది. నాలుగేళ్ళలో ఆ కాలేజీ నాకు శ్రద్ధగా, క్రమం తప్పకుండా నేర్పిన విద్య ఒకటి ఉందంటే, అది కళ్ళు దించకుండా "అవును సార్" అనడం.

ఇంటికొచ్చేసరికి నాన్న పెరట్లో స్టోన్ డస్ట్ జల్లిస్తున్నాడు. ఒళ్ళంతా బూడిద రంగు.

"ఏటడిగారమ్మా?"

జరిగినదంతా చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. జల్లెడ కింద పెట్టాడు.

"సెప్పుంటే ఆయనికీ తెలిసేది కదమ్మా," అన్నాడు.

ఆ ఎగ్జామినర్‌ని అంత మంచిగా అనుకోవడం నాకు చేతకాలేదు. ఇప్పటికీ చేతకాదు.

తర్వాతి వారం తుష్నాబాద్‌లో వరండా మళ్ళీ పోశాం. పాత స్లాబు పగలగొట్టడానికి ఇద్దరు మనుషులకి రెండు రోజులు పట్టింది. కడిగి ఆరబెట్టిన డస్టు, కొలత గీసిన బకెట్, దాని పక్కన నేను. నాన్న దగ్గర ఎన్నేళ్ళుగానో చేస్తున్న మేస్త్రీకి అది నచ్చలేదు.

"మాల్ గట్టిగుంది దీదీ. థోడా పానీ డాలో, లేకపోతే చేతులు పడిపోతాయి."

"వద్దు భయ్యా."

"కాలేజీలో ఇలాగే చెప్పారా?"

"లేదు," అన్నాను. "కాలేజీలో చెప్పలేదు."

ఆయన నాన్న వైపు చూశాడు. నాన్న తనే పార అందుకుని కలపడం మొదలుపెట్టాడు. మేస్త్రీ ఏదో గొణుక్కుంటూ పక్కన చేరాడు. మధ్యాహ్నం మబ్బు పట్టింది. చినుకులు పడేలోపు చివరి గమేళా మాలు పడింది. రైతు కుటుంబం, మేం, పనివాళ్ళు అందరం కలిసి నాలుగు మూలలా పట్టుకుని టార్పాలిన్ కప్పాం. వాన గంటసేపు కురిసింది, లోపలికి ఒక్క చుక్క పోలేదు.

ఆ వరండా ఇప్పటికీ ఉంది. దాని పైన రైతు ఏటా వక్కలు ఎండబెడతాడు.